రింకి మొక్కుకోలేదు

మంగళవారం వచ్చిందంటే చాలు, పైడన్న ఇంటి ముందు చెప్పులు కుప్పపడుతున్నాయి. పేటలోని ఆడవాళ్లంతా చంటిపిల్లల్ని చంకనేసుకుని, కొబ్బరికాయలు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంటున్నారు. ఒకామె పిల్లకి జ్వరం తగ్గదు, ఒకామె మొగుడు తాగుడు మానడు, ఇంకొకామె ఇంటి పడవకి ఈ మధ్య చేప పడడం లేదు. వాళ్ల మధ్యలో పసుపు చీర కట్టుకుని, నుదుటి నిండా కుంకంతో, బలవంతాన పీటల మీద కూర్చోబెట్టిన పెళ్లికూతురిలా ముఖం మాడ్చుకుని కూర్చుంది రింకి. ఒక్కొక్కరూ వంగి కాళ్లకు దణ్ణం పెట్టబోతే కాళ్లు వెనక్కి లాక్కుంటోంది. ఆమె లాక్కున్న కొద్దీ వాళ్లకి భక్తి ముదురుతోంది.

వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న సాయిపద్మకి ఒళ్లు మండిపోతోంది. మండినా ఎవరినీ ఏమీ అనడానికి లేదు. ఆ పసుపు చీర, ఆ కొబ్బరికాయలు, ఆ దణ్ణాలు, అన్నీ తన నోటి పుణ్యమే.

సాయిపద్మ ఆ ఇంటి కోడలు. పుట్టిల్లు బరంపురంలో హల్దియాపదర్. ప్లస్‌టూ దాకా చదివింది, నలుగురిలో మాట్లాడగలదు, ఆ సంగతి తనకి కాస్త ఎక్కువగానే తెలుసు. సంతోష్‌ని చేసుకుని, గోపాల్‌పూర్ దాటాక తీరం వెంట ఉన్న ఈ పేటకి వచ్చింది. మామ పైడన్న వలలు బాగుచేసుకుంటూ ఎవరి జోలికీ పోని మనిషి. ఆ లోటు తీర్చడానికన్నట్టు అత్త గురువమ్మ అందరి జోలికీ పోతుంది. సంతోష్ పడవ మీద వేటకి వెళతాడు. ఆడపడుచు రింకిది ఎండుచేపల వ్యాపారం.

వ్యాపారమంటే ఏదో కాలక్షేపానికి చేసేది కాదు. ఒడ్డుకొచ్చిన పడవల దగ్గర బేరమాడి నెత్తళ్లూ కవళ్లూ లాంటి చిన్నచేపలు కొని, ఉప్పు పట్టించి, ఇసుక మీద వల పరిచి ఎండబెట్టి, తట్టకెత్తుకుని ఆటోలో బరంపురం తీసుకెళ్లి అమ్ముతుంది. అక్కడి బజారులో కూరగాయల వరస చివర, గోడ నీడ పడే చోట ఆమెకొక జాగా ఉంది. ఆ జాగా ఊరికే రాలేదు. మొదట్లో మురిక్కాలవ పక్కన కూర్చుంది, తర్వాత ఎండలో కూర్చుంది, ముసలామె ఒకతె అమ్మకం మానుకున్నాక ఆ నీడ దక్కించుకుంది. ఆ బజారు ఆడవాళ్లకి ఒక కట్టుబాటుంది. జాగాకి కాగితాలుండవు, ఎవరు కూర్చుంటే వాళ్లది. అయితే ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్య దాకా మనిషి రాకపోతే, తర్వాత ఎవరు తట్ట దించితే వాళ్లదైపోతుంది. అందుకని రింకి జ్వరంతో కూడా వెళ్లేది. పెళ్లివాళ్లు చూడ్డానికొస్తారంటే మాత్రం జ్వరం లేకపోయినా పడుకునేది.

సంబంధాలు తేవడంలో గురువమ్మకి అలుపు లేదు. తెచ్చిన ప్రతిదాన్నీ రింకి "నానొల్ల" అని ఒక్క మాటతో కొట్టిపడేసేది. వాడు నల్లగా ఉన్నాడనీ కాదు, దూరమనీ కాదు. ఒల్ల, అంతే. ఆ ఒక్క ముక్కకి గురువమ్మ తల గోడకేసి కొట్టుకునేది.

ఒకరోజు ఇసుక మీద నెత్తళ్లు తిరగేస్తూ రింకి తనంతట తానే వదినతో చెప్పింది.

"వదినా, పెల్లంటే నాకు బయ్యం కాదు. ఆ కోరికే పుట్టదు. మనూరి ఆడగుంటలు సినిమాలో ఈరోని సూసి మెలికలు తిరిగిపోతారు కదా, నాకు ఆడి సొక్కా బాగుందనిపిస్తాది. అంతే."

సాయిపద్మ చేతిలో చేపలు చేతిలోనే ఉండిపోయాయి. "సిన్నప్పుడు ఎవులేనా ఏటైనా సేసినారేటే?"

"నేదు."

"ఎవలినైనా మనసులో ఎట్టుకుని సెప్పలేకపోతన్నావా?"

"నేదు వదినా."

"పోనీ డాక్టరమ్మకి సూపిద్దుమా?"

"నాకు జొరమేటి సూపించడానికి?" అని రింకి విసుక్కుంది. తర్వాత కొంగుకి చేతులు తుడుచుకుని ఫోన్ తీసి ఒక వీడియో చూపించింది. భువనేశ్వర్ అమ్మాయి ఎవరో ఒడియాలో మాట్లాడుతోంది. "ఈ పిల్ల సెప్తంది సూడు. ఒంటి కోరిక పుట్టనోల్లని అసెక్సువల్ అంటారట. ప్రేమంటూ మనసు కూడా ఒకలి మీద పడకపోతే ఏరొమాంటిక్ అంటారట. అది రోగం కాదట, దేశమంతా ఉన్నారట ఇలాటోల్లు. నాకు రెండూను. నువ్వంటే ఇష్టమే, నీ పిల్లలంటే ఇష్టమే, బజారులో మాటాడుకోడమంటే పేణం. ఆ ఒక్కటే నాకు నేదు. నేకపోతే నాకేటీ ఎలితిగా నేదు వదినా."

సాయిపద్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలీదు. "నీకు నానున్నాను" అని ఆడపడుచుని గట్టిగా పట్టుకుంది.

రింకి ఆ పట్టు విడిపించుకుని, "ఏడవకు. జాలి పడకు. నాకు ఒక్కటి సేసిపెట్టు సాలు. నాను ఒల్లన్నప్పుడు, 'అవును, ఒల్లంటంది' అని నువ్వూ అను. ఇంట్లో ఇంకొక నోరు అంటే అమ్మ కొంచెం తగ్గుతాది," అంది.

"అంతేనా? అంతకి పదింతలు సేస్తాను," అంది సాయిపద్మ. అసలు చిక్కంతా ఆ పదింతల్లోనే ఉంది. అడిగినంత చేసి ఊరుకునే గుణం ఆమెకి పుట్టుకతోనే లేదు.

కొడల ఊరి సంబంధం వచ్చినప్పుడు ఆ గుణం బయటపడింది. పెళ్లికొడుక్కి కొడలలో చేపల కొట్టుంది. తండ్రి ధర్మలింగం చెల్లెళ్లనీ మరదళ్లనీ వెంటేసుకుని ఆటో నిండా వచ్చాడు. టీలయ్యాయి, మిఠాయిలయ్యాయి. పిల్లనడగండి అన్నారు. అడిగారు. రింకి అందరి ముందూ "నానొల్ల" అంది.

ధర్మలింగం గ్లాసు కింద పెట్టి, "ఏటమ్మా ఇది? పిల్ల మనసు ఇంకెక్కడో ఉన్నట్టుంది, మమ్మల్నెందుకు రమ్మన్నారు?" అన్నాడు. గురువమ్మకి తల తీసేసినట్టయింది. లేచి కూతురి జుట్టు పట్టుకుంది. "ఎవుడే ఆడు? సెప్పు! బజారని బరంపురమెల్లి ఎవున్ని తగులుకున్నావు?"

అప్పుడు సాయిపద్మ అనాల్సింది ఒక్కటే మాట. ఇసుక మీద ఒప్పుకున్న మాట. కానీ ఆ నిండు ఇంట్లో, అత్త చేతిలో ఆడపడుచు జుట్టు చూశాక, "ఒల్లంటంది" అనే ముక్క ఆమెకి మరీ చిన్నదిగా కనిపించింది. దాంతో ఎవరు ఆగుతారు? ఇంకా పెద్దది, అందరి నోళ్లూ ఒక్క దెబ్బకి మూయించేది కావాలి. వెతక్కుండానే దొరికింది.

"ఒదిలీ అత్తా! ఆ పిల్లకి మొక్కుంది!"

అందరూ ఇటు తిరిగారు. ఇంక మాటలు వాటంతట అవే వచ్చాయి. అంతకు ముందటేడు తుపానులో సంతోష్ పడవ కనపడకుండా పోయిన మాట నిజం. పేటంతా ఒడ్డున నిలబడి ఏడ్చిన మాట నిజం. ఆశ వదులుకున్నాక పడవ వచ్చిన మాటా నిజం. వాటి మధ్య సాయిపద్మ ఒక్క అబద్ధం దూర్చింది. రింకి ఆవేళ సముద్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని, "మా అన్నని తెచ్చి ఇచ్చీ తల్లీ, నాను పెల్లి మాటెత్తను, బతికినన్నాల్లూ నీ పిల్లగా ఉంటాను" అని బరంపురం అమ్మవారు ఠాకురాణికి మొక్కుకుందట. తాను చెవులారా విన్నదట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట.

గురువమ్మ చెయ్యి జుట్టు మీంచి జారిపోయింది. ఆ చేత్తోనే కూతుర్ని పొదువుకుని, "నా తల్లే, అన్న కోసరం బతుకు ధారపోసినావా" అని గొల్లుమంది. ధర్మలింగం లేచి రెండు చేతులూ జోడించాడు. అతని మరదళ్లు కళ్లొత్తుకున్నారు. వెళ్లేటప్పుడు ఆటో ఎక్కబోతూ కూడా వెనక్కి తిరిగి దణ్ణం పెట్టారు. సాయిపద్మకి ఛాతీ ఉబ్బింది. ఎంత తెలివిగా గట్టెక్కించాననుకుంది. రింకి ముఖం పాలిపోయి ఉంటే, అదేదో కృతజ్ఞత అనుకుంది.

మర్నాడు పొద్దున్న రింకి తట్ట సర్దుతుంటే గురువమ్మ వచ్చి లాక్కుంది.

"నీసు ముట్టకు. మొక్కున్న పిల్లవి, సేపల కంపుతో ఉంటే ఠాకురాణి ఊరుకుంటాదేటి? నీ అన్న సముద్రం మీదున్నాడే!"

ఇంక దానికి ఎదురేమని చెబుతారు? రింకి చేప ముట్టుకుంటే సంతోష్ ప్రాణానికి ముప్పు. బరంపురం వెళితే బజారులో అంతా నీసే, అక్కడా ముప్పే. ఇసుక మీద ఎండుతున్న నెత్తళ్లు కాకులపాలయ్యాయి. పేటంతా పాకిన మాట గోపాల్‌పూర్ దాకా పోయింది. సముద్రం మింగిన పడవని వెనక్కి తెప్పించిన పిల్లంటే మాటలా! ఆమె చెయ్యి తలమీద పెడితే జ్వరాలు తగ్గుతున్నాయని ఎవరో అన్నారు. అన్నాక నిజంగానే ఒకటి రెండు తగ్గాయి. జ్వరాలు ఎలాగూ తగ్గుతాయని చెప్పినా వినే నాథుడు లేడు.

సంతోష్ ఒక పసుపు చీర తెచ్చి చెల్లెలి పక్కన పెట్టి, ముఖం చూడలేక బయటికెళ్లిపోయాడు. అప్పట్నుంచీ అన్నం తినేటప్పుడు కూడా ఆమెవైపు తలెత్తడు.

రింకి మొదట్లో వదినతో మాట్లాడడం మానేసింది. తర్వాత ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తున్న సాయిపద్మ దగ్గరికొచ్చి నిలబడింది.

"అమ్మ తిట్టినప్పుడు బాదగానే ఉండేది. గాని నాను నానుగా ఉండేదాన్ని. ఇప్పుడు నన్ను ఏటి సేసినావో తెలుసా? పెల్లికి మొకం వాసిపోయి, అన్న కోసరం దాన్ని ఒదిలేసుకున్నదాన్ని సేసినావు. నాకు నేని కోరికని ఉన్నట్టు సేసి, దాన్ని నాను సంపుకున్నానని ఊరంతా ఏడిపిస్తన్నావు."

"నిన్ను కాపాడదామనే కదే! మీ అమ్మ జుట్టట్టుకుంటే సూస్తూ ఊరుకోమంటావా?"

"కాపాడమన్నానా? ఒల్లంటంది అని ఒక్క ముక్క అనమన్నాను. అది నీకు సాలనేదు."

సాయిపద్మకి ఉక్రోషం వచ్చింది. మంచికి పోతే ఇదా మర్యాద అనుకుంది. ఇంత చేసినా తనదే తప్పంటున్నారే అనుకుంది. తడిబట్టలు దులిపి దులిపి చిరిగేలా ఆరేసింది. రాను రాను ఆ ఉక్రోషం తగ్గి, దాని కింద ఉన్నది కనపడింది. రింకి చెప్పినదాంట్లో తప్పు దొరకలేదు. దొరక్కపోయేసరికి ఇంకా ఒళ్లు మండింది.

సరే, తాను వేసిన ముడి తానే విప్పుతానని హల్దియాపదర్‌లో పుట్టింటికెళ్లి తల్లి ఉమాదేవితో మొర పెట్టుకుంది. ఉమాదేవి తేలిగ్గా తీసేసింది. "దానికేటి? ఠాకురాణి కల్లోకొచ్చి సేపలమ్ముకోమందని సెప్పు. అమ్మోరు సెప్తే మీ అత్త కాదంటాదేటి?" సాయిపద్మకి ప్రాణం లేచొచ్చింది. తిరిగొచ్చే ఆటోలో ఆ కల ఎలా చెప్పాలో, అమ్మవారు ఏ చీర కట్టుకుని రావాలో అంతా కూర్చుకుంది.

రింకి చివరిదాకా విని, "బాగుంది. రేపు అమ్మక్కూడా కలొస్తాది. ఠాకురాణి పెల్లి సేసుకోమందని అంటాది. అప్పుడేటంటావు?" అంది.

సాయిపద్మ అప్పటికప్పుడే ఇంకో కల అల్లబోయింది.

"ఇంకో అబద్దం ఒద్దు వదినా. నీకు దణ్ణమెడతాను."

ఇంట్లో అందరూ దణ్ణాలే పెడుతున్నారని సాయిపద్మకి ఏడుపొచ్చింది. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు అత్త దగ్గరికెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ గురువమ్మ దీపం ముందు కూర్చుని కొడుకు పేరు తలుచుకుంటూ ఉండేది. ఆ మొక్కు అబద్ధమని చెబితే ఆ దీపం ఆర్పినట్టే. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, అన్నం వండడానికి పోయేది. ఒక్క వాక్యంతో కట్టిన అబద్ధం కూలగొట్టడానికి ఇంత గుండె కావాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. అమావాస్య దగ్గర పడుతోంది. రింకి ఆ సంగతి ఎత్తడం లేదు గానీ పొద్దున్నే బరంపురం ఆటోల మోత వినిపిస్తే చాలు, లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడుతోంది.

ఆ మంగళవారం అరుగు మీది గుంపులోకి పుణ్యవతి వచ్చింది. పక్కవీధిలో ఉంటుంది, ఆమెదీ ఎండుచేపల బేరమే, ఇన్నాళ్లూ బజారులో ఎండలో కూర్చుని అమ్ముతోంది. ఈసారి కొబ్బరికాయ తేలేదు, కొత్త తట్ట తెచ్చింది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, రింకి ముందు దించింది.

"రింకమ్మా, మరేటనుకోకు. అమావాస్య ఎల్లిపోతే నీ జాగాలో నాను కూకుంటాను. అమ్మోరి పిల్లవి, నీకెందుకు ఆ కంపు? నీ సెయ్యి ఒక్కసారి ఈ తట్ట మీద ఎట్టు. మంచి బేరం సాగాల."

దాంట్లో పుణ్యవతికి చెడ్డ బుద్ధేమీ లేదు. అదే మరీ భరించలేనిది. రింకి చెయ్యి పైకి లేచింది. తట్ట అంచు దాకా వచ్చి ఆగిపోయింది. ఎప్పుడూ ఎవరి ముందూ ఏడవని రింకి కళ్లలోంచి నీళ్లు ఆ కొత్త తట్టలోకి కారాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు అమ్మవారు పూనిందనుకుని చేతులు జోడించారు.

వంటింటి గుమ్మంలో ఉన్న సాయిపద్మ ఇంక ఆగలేకపోయింది. గరిటె చేతిలో పట్టుకునే బయటికొచ్చేసింది.

"లెగండి! అందరూ లెగండి! ఏ మొక్కూ నేదు, ఏ అమ్మోరూ నేదు. ఆ మొక్కు నాను కట్టినాను. ఆవేల సముద్రం ముందు ఈ పిల్ల ఏడిసింది, మీరందరూ ఏడిసినట్టే. మొక్కుకోనేదు. కొడలోల్లని పంపేడానికి నానే అబద్దమాడినాను."

  ముందుగా తేరుకున్నది గురువమ్మ.

"సంతోష్ ఏటలో ఉన్నాడే!" అని కేక పెట్టింది. "కొడుకు నీల్ల మీదుండగా మొక్కు నేదంటావా? ఆడు నీకు మొగుడు కాడేటే? ఏ తల్లి కన్నాదే నిన్ను!"

"అత్తా, మొక్కే నేనప్పుడు..."

"నోర్ముయ్యి!"

ఒక ముసలామె తన కొబ్బరికాయ తాను తీసుకుని లేచింది. జ్వరం పిల్ల తల్లి మాత్రం కదల్లేదు, ఎందుకైనా మంచిదన్నట్టు రింకి పాదాలు ఇంకోసారి ముట్టుకుంది. పుణ్యవతి తట్ట ఒళ్లో పెట్టుకుని, అందరి తరఫునా అడిగింది.

"మొక్కు నేకపోతే మరి పెల్లెందుకు ఒల్లంటంది? ఏటి కారణం?"

అందరూ సాయిపద్మ నోటికేసి చూశారు. కారణాలు ఆమె నాలుక మీద వరస కట్టాయి. జాతకం బాగోలేదనొచ్చు. లోపల ఏదో జబ్బు అనొచ్చు. వ్యాపారం నిలదొక్కుకున్నాక చేసుకుంటుందట అనొచ్చు. ఫోన్లో విన్న ఇంగ్లీషు మాటలు రెండూ చెప్పి అందరి నోళ్లూ మూయించొచ్చు. కానీ ఆ మాటలు రింకివి, చెప్పుకోవాలనుకుంటే ఆమె చెప్పుకుంటుంది. సాయిపద్మ గరిటెని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఒల్లంటంది. అంతే."

"అంతేటి? ఏదో ఉంటాది కదా?"

"ఒల్లంటంది."

అంత చిన్న మాట చెప్పి ఊరుకోవడం ఆమెకి బతుకులో ఎప్పుడూ అలవాటు లేదు. ఆ ముక్క నోట్లోంచి వచ్చాక కూడా ఇంకేదో అతికించాలని పెదవులు కొట్టుకున్నాయి. రింకి మోచేత్తో కళ్లు తుడుచుకుని ఆమెవైపు చూసింది. చూసి, తల తిప్పేసుకుంది. ఆ చూపులో క్షమించినట్టేమీ లేదు.

గురువమ్మ అప్పుడే సముద్రం ఒడ్డుకెళ్లి కూర్చుంది. అన్నం తినమంటే తినదు. పైడన్న వల పట్టుకెళ్లి పక్కన కూర్చుని, అలవాటు ప్రకారం చిరుగులు బాగుచేసుకోసాగాడు. కాసేపటికి సాయిపద్మ కూడా వెళ్లి కొంచెం ఎడంగా నిలబడింది. గాలి కాస్త ఎక్కువగా ఉందనిపించింది. రోజూ ఉండే గాలే. అయినా అలల మీద నల్లగా ఏం కనిపించినా గుండె జల్లుమంటోంది. మొక్కు లేదని అందరికన్నా బాగా తెలిసిన మనిషి తానే, తానే ఇలా వణుకుతుంటే అత్తని అనడానికి ఏముంది? తాను కట్టిన అబద్ధానికి తానే భయపడుతున్నందుకు తన మీదే అసహ్యమేసింది.

పొద్దు వాలకముందే పడవ వచ్చింది. కవళ్లతో నిండుగా వచ్చింది. గురువమ్మ నీళ్లలోకి పరిగెత్తి కొడుకు ఒళ్లంతా తడిమింది. ఒడ్డెక్కేలోపలే సంతోష్‌కి తలా ఒక మాటగా అంతా చెప్పేశారు. అతను సరాసరి ఇంటికొచ్చి, తడి బట్టలతోనే పెళ్లాం ముందు నిలబడ్డాడు.

"నా పేణం అడ్డెట్టి సంబందం తప్పించినావేటి?"

సాయిపద్మ తల దించుకుంది.

సంతోష్ చెల్లెలివైపు తిరిగాడు. "నువ్వు మొక్కుకోనేదా?"

"నేదన్నా. ఏడిసినాను. అంతే."

సంతోష్ గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. "ఇన్నాల్లూ నీ బతుకు నానే తినేసినాననుకున్నాను. ముద్ద దిగేది కాదు. పడవెక్కితే, ఈ ఊపిరి నా సెల్లిది కదా అనిపించేది." నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. ఆ తర్వాత చాలా రోజులు సాయిపద్మతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆమె ఒకసారి సర్దిచెప్పబోతే, "నీ మాటలు నాకొద్దు" అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

గురువమ్మ మాత్రం ఎటూ తేల్చలేదు. కొడుకు క్షేమంగా వచ్చాడు కాబట్టి మొక్కు లేదని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే కూతురు ఉత్తినే ఒల్లంటున్నదని కూడా ఒప్పుకోవాలి. అది ఆమె వల్ల కాదు. "మొక్కున్నప్పుడే బాగుండేది, మొకం ఎత్తుకు తిరిగేదాన్ని" అని వచ్చినవాళ్లందరి దగ్గరా వాపోయింది. అప్పుడే ఇంకో సంబంధం సంగతి కూడా ఎత్తింది. సాయిపద్మ "ఒల్లంటంది కదత్తా" అంది. "నిన్నడగనేదు" అంది గురువమ్మ. మళ్లీ ఎత్తింది. సాయిపద్మ మళ్లీ అదే అంది. ఒకే మాట ఇన్నిసార్లు అనడం ఎంత విసుగో, అందులో ఏమాత్రం పేరు రాదో ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది. రింకి ఇన్నేళ్లుగా ఒక్కతే చేస్తున్న పని ఇది.

అమావాస్యకి ముందే రింకి తట్ట సర్దింది. పసుపు చీర మడతపెట్టి దండెం మీద పడేసి, పాత నీలం చీర కట్టుకుంది. నిండు తట్టని ఎవరూ తమంతట తాము నెత్తికెత్తుకోలేరు, పక్కనుంచి ఒకరు చెయ్యి వెయ్యాలి. పేటలో ఏ ఇంటి ముందైనా ఎవరో ఒకరు పిలవకుండానే వచ్చి ఎత్తి వెళతారు. ఆ పొద్దున్న మాత్రం ఎవరూ రాలేదు. అమ్మవారి పిల్ల చేపలు ముడుతోంది, దాంట్లో మేమెందుకు వేలు పెట్టడం అన్నట్టు అటు తిరిగి పళ్లు తోముకుంటున్నారు. గురువమ్మ లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

సాయిపద్మ చీర బిగించి వచ్చి తట్టకి ఒక పక్క చెయ్యి వేసింది. రింకి వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఇద్దరూ కలిసి ఎత్తారు. ఆటోలో కూడా రింకి బయటికే చూస్తూ కూర్చుంది.

బజారులో గోడ నీడ ఖాళీగానే ఉంది. పుణ్యవతి ఎప్పటిలాగే ఎండలో కూర్చుని, తన కొత్త తట్ట అడ్డం పెట్టుకుని వీళ్లని చూడనట్టు నటించింది. రింకి గోనె పరిచి, నెత్తళ్లు ఒక కుప్ప, కవళ్లు ఒక కుప్ప పోసింది. పోస్తూ ఒక నెత్తల్ని విరిచి వాసన చూసి, మళ్లీ కుప్పలో పడేసింది. ఇన్నాళ్ల తర్వాత ఆమె భుజాలు కిందికి దిగడం సాయిపద్మ చూసింది.

పాత ఖాతాదారు, మావుసీ అని రింకి పిలిచే ఒడియా పెద్దామె సంచీ ఊపుకుంటూ వచ్చింది. "ఇన్నాళ్లూ ఏమైపోయావే పిల్లా? పెళ్లయిందనుకున్నానే!" అని ఒడియాలో పలకరించి, రింకిని తేరిపార చూసి, మెళ్లో తాడు లేదని తేల్చుకుని, పక్కనున్న సాయిపద్మకేసి తిరిగింది. మనిషి ఎదురుగా ఉండగా పెద్దవాళ్లనడగడం అందరికీ ఉన్న అలవాటే. "నువ్వు వదినవా? ఈ పిల్లకి పెళ్లెందుకు చెయ్యలేదు?"

సాయిపద్మ నోరు తెరిచింది. ఒక అందమైన కారణం, పూర్తిగా తయారై, ఒడియాలో కూడా సిద్ధంగా ఉంది. మావుసికి నెత్తళ్లు తూస్తున్న రింకి, త్రాసు అలాగే పట్టుకుని ఆమెవైపే చూస్తోంది.

"వద్దంటోంది," అంది సాయిపద్మ.

మావుసి ఇంకొంచెం కథ వస్తుందని సంచీ చంకన పెట్టుకుని నిలబడింది. రాలేదు. "ఇంకా?" అంది.

సాయిపద్మ వంగి గోనె అంచు సర్దింది. సర్దిందే మళ్లీ సర్దింది. చెవులు వేడెక్కిపోయాయి. కింది పెదవి పళ్ల కింద పెట్టి కొరుక్కుంది.

"ఇంకా అంటే కవళ్లున్నాయి మావుసీ," అంది రింకి. "అవి కూడా తూచమంటావా?"